ముంతలో పాలు

“నువ్వు పూసుకుంటావా, నన్ను పూయమంటావా?”

వెంకటశేషమ్మ గది వాకిట్లో నిలబడి ఉంది. ఒక చేతిలో కలబంద గుజ్జు, ఇంకో చేయి తలుపు మీద. లోపల మంచం మీద కోడలు పెంచలమ్మ, ఆమె ఒళ్ళో పది నెలల మస్తానయ్య. పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి వాడికిక ఏడవడానికి కూడా ఓపిక లేదు. పమిట అంచు నోట్లో పెట్టుకుని మూలుగుతున్నాడు.

“నేను పూసుకోను అత్తా.”

“చేదు తగిలితే వాడే మానుకుంటాడు. రెండు పూటలు ఏడుస్తాడు, ఆ పైన మరిచిపోతాడు. ఏ బిడ్డయినా అంతే.”

“వాడు మరిచిపోతాడు సరే. మరి నేనో?”

“నీ సంగతి ఎవురడిగినారు?”

నిజమే, ఎవరూ అడగలేదు. నిన్న సాయంత్రంనుంచి ఆ ఇంట్లో మాటలన్నీ పెంచలమ్మ పాల గురించే గానీ పెంచలమ్మ గురించి కాదు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డ పొట్ట నొక్కి చూసి ‘లివరు’ అంది. ఆ మాట ఈ ఇంటికి కొత్త కాదు. రెండేళ్ళ కిందట పెద్ద కొడుకు మాల్యాద్రిని ఆ మాటే ఎత్తుకుపోయింది. ఏడాదిన్నర బిడ్డ. ముందు పొట్ట ఉబ్బింది, తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, చివరికి తల్లి పిలిస్తే తల్లని గుర్తుపట్టలేదు. ఇప్పుడు రెండోవాడు. ఇద్దరూ తాగింది ఒకే తల్లి పాలు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలనుకుంది వెంకటశేషమ్మ.

సాక్ష్యం చాలదన్నట్టు పరీక్ష కూడా పెట్టింది. నిన్న ఇంటికి రాగానే కోడలి చేత రెండు చుక్కలు మూతలో పిండించి, అందులో ఒక ఎర్రచీమను పడేసింది. పాలలో విషముంటే చీమ చస్తుందట. చీమ కాసేపు కాళ్ళు కొట్టుకుని చచ్చింది. వెంకటశేషమ్మ ఆ మూతను అరుగు మీద కూర్చున్న కొడుకు హజరత్తయ్యకు చూపించి, మాటా పలుకూ లేకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఏడ్చి మొత్తుకున్నా అతనికి అంత తగిలేది కాదు.

“చీమ చచ్చిన పాలేనమే అవి. నీ కళ్ళతో నువ్వే చూసినావు గదా. పూసుకోనంటే పుట్టింటికి పో” అంది వెంకటశేషమ్మ ఇప్పుడు.

పెంచలమ్మ నోరు లేని మనిషని ఊళ్ళో పేరు. ఆ పేరు ఆ పూటతో పోయింది.

బిడ్డను మంచం మీద పడుకోబెట్టి లేచింది. అత్తను దాటుకుని వంటింట్లోకి వెళ్ళి, మూత నిండా ఆవుపాలు పోసుకొచ్చింది. గోడ వెంట పోతున్న చీమను వేలికి ఎక్కించుకుని అందులో వదిలింది. ముగ్గురూ చూశారు. ముగ్గురూ అంటే అత్తా, కోడలూ, కొంగు పట్టుకుని తల్లి వెంటే తిరుగుతున్న అయిదేళ్ళ ఆదిశేషమ్మ. చీమ కాళ్ళు కొట్టుకుంది. ఆగింది.

“చచ్చిపోయిందే!” అంది ఆదిశేషమ్మ.

“పాలల్లో మునిగితే చీమ చావక ఈదతదా అత్తా? మరి ఆవును కూడా పుట్టింటికి పంపిస్తావా?”

వెంకటశేషమ్మ మొహం ఎర్రబడింది. ఆ ఇంట్లో ఆమెకు ఎదురు ప్రశ్న వేసినవాళ్ళు అంతవరకు లేరు. కలబంద గుజ్జు నేలకేసి కొట్టి, “హజరత్తూ! నీ పెళ్ళాం నన్ను ఎగతాళి చేస్తుండాది, వింటుండావా?” అని కేకపెట్టింది.

హజరత్తయ్య వింటూనే ఉన్నాడు. అన్నీ వినడం, ఏదీ మాట్లాడకపోవడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు. లేచి లోపలికొచ్చి తల్లివైపు చూశాడు, నేల మీది గుజ్జు చూశాడు. పెళ్ళాంవైపు మాత్రం చూడలేదు.

“డాక్టరమ్మ నా పాలకేం తప్పులేదన్నది. మీరు పరదా బయటే ఉండారు గదా, వినలేదా?” అంది పెంచలమ్మ.

“విన్నా.”

“మరి చెప్పండి అత్తకు.”

అతను చెప్పలేదు. అందుకని ఆ సంగతి మనమే చెప్పుకోవాలి.

నవోమి గారని ఆ డాక్టరమ్మకు పేరు. బిడ్డల జబ్బులు చూడటంలో చెయ్యి తిరిగిన మనిషి. తన చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాకే బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసింది. కుడివైపు పక్కటెముకల కింద వేళ్ళతో మెల్లగా నొక్కి, అక్కడే ఆగి, పెంచలమ్మ చెయ్యి పట్టుకుని అదేచోట పెట్టించింది.

“తగిలిందా?”

తగిలింది. చర్మం కింద గట్టిగా, పలక అంచులాగా. పెంచలమ్మ గుర్తుపట్టింది. మాల్యాద్రికి నలుగు పెట్టేటప్పుడు ఇదే గట్టిదనం ఆమె చేతికి తగిలేది. అప్పుడు ఎముకేమో అనుకుంది.

“అదే కార్జం. మేం లివరంటాం” అంది నవోమి గారు. “ఏం తిన్నా, ఏం తాగినా ఆ సారమంతా ముందు అక్కడికే పోతుంది. ఒంటికి పట్టేదేదో పట్టనిదేదో అదే ఏరి పెడుతుంది. ఈ వయసు బిడ్డకు కొంచెం చేతికి తగలడం మామూలే. కానీ మెత్తగా ఉండాలి. వీడిది పెరిగింది, గట్టిబడింది.”

“కామెర్లా అమ్మా?”

“ఇంకా లేదు. కామెర్లనేది జబ్బు కాదు తల్లీ, జబ్బుకు గుర్తు. కార్జం చెడితే, బయటికి పోవాల్సిన పైత్యం రక్తంలోనే నిలిచిపోతుంది. అప్పుడు కళ్ళు పచ్చబడతాయి.”

“మా పెద్దోడికి పొట్టలో నీళ్ళు చేరినాయి. మా ఊరి మందుల ఆచారి బల్ల అన్నాడు, ఇంకొకాయన జలోదరమన్నాడు. ఎవరి మాట నిజమో మాకు తెలియలా.”

“ఇద్దరి మాటా నిజమే. ఎడమపక్క పెరిగే ప్లీహాన్ని మీరు బల్ల అంటారు. పొట్టలో నీరు చేరడం జలోదరం. రెండూ వేరు జబ్బులు కావు. కార్జం గట్టిబడితే దాంట్లోంచి సాగాల్సిన రక్తం సాగక వెనక్కి తన్నుతుంది. బల్ల పెరిగేదీ అందుకే, నీరు ఊరేదీ చాలావరకు అందుకే.”

పెంచలమ్మకు కొంత అర్థమైంది, కొంత కాలేదు. “గట్టిబడటమంటే ఎట్టమ్మా?”

నవోమి గారు ఆమె ముంజేతి మీద పాత కాలిన మచ్చను చూసింది. ఎప్పుడో గంజి వార్చేటప్పుడు కాలింది. దాని మీద వేలు పెట్టి, “ఇక్కడ తోలు చూడు, బిగుసుకుని గట్టిగా లేదూ? లోపల కార్జమంతా ఇట్లా మచ్చలు పడితే దాన్ని సిర్రోసిస్ అంటాం. తాగుబోతులకే వస్తుందనుకుంటారు జనం. పాలు తాగే బిడ్డలకూ వస్తుంది” అంది.

“ఎందుకు వస్తదమ్మా?”

నవోమి గారు బిడ్డ చొక్కా కిందికి లాగి, బొత్తాం పెట్టింది.

“తెలీదు” అంది. “నాకే కాదు, మదరాసులో పెద్ద డాక్టర్లకూ తెలీదు. ఒకే ఇంట్లో ఒక బిడ్డ తర్వాత ఒక బిడ్డకు వస్తుండటం చూస్తున్నాం. రక్తంలో ఉందంటారు కొందరు, తిండిలో ఉందంటారు కొందరు. వెతుకుతున్నారు. నీ పాలకేం తప్పులేదమ్మా, మాన్పించొద్దు. తొందరగా తెచ్చావు గనక ఆశ ఉంది. కళ్ళల్లో పసుపు కనిపిస్తే మాత్రం ఆ రోజే తీసుకురా.”

అదీ జరిగింది. పరదా బయట నిలబడి హజరత్తయ్య ఒక్క ముక్క వదలకుండా విన్నాడు.

“విన్నాను గనకే చెప్తుండా” అన్నాడు ఇప్పుడు. “ఎందుకొస్తదో తెలీదని ఆమె నోటితోనే అన్నది. మా అమ్మ తెలుసునంటుండాది. తెలిసినామె మాట వినాల్నా, తెలీదన్నామె మాట వినాల్నా?”

చదువుకున్న మనిషి నిజాయితీగా తెలీదంటే ఆ మాటకు విలువ లేకుండా పోవడం పెంచలమ్మ అక్కడే చూసింది. నవోమి గారు నాలుగు అబద్ధాలు గట్టిగా చెప్పి ఉంటే ఈ ఇంట్లో చెల్లేవేమో.

“బండి కడతా” అన్నాడు హజరత్తయ్య. “నెల్లూరు దాకా బండిలో పోదాం, ఆడనుంచి సంగం బస్సెక్కిస్తా. పాలు ఇంకిపోయిందాకా మీ అమ్మ దగ్గరుండు.”

“బిడ్డ?”

“బిడ్డ ఈడనే.”

“వాడికి ఒంట్లో బాగలేదు. ఇప్పుడా నన్ను పంపించేది?”

“బాగలేదనే గదా.”

హజరత్తయ్య ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని, దులపడానికి ఇంకేమీ లేక, ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. మొలగొలుకుల వరి పండే పదెకరాల ఆసామి, వాన ఎప్పుడొస్తుందో గాలి వాసన చూసి చెప్పగలడు. సొంత పెళ్ళాం మొహం చూసి ఒక్క మాట చెప్పలేకపోయాడు.

పెంచలమ్మ చీరెలు మూటగట్టింది. ఆదిశేషమ్మ గౌన్లు రెండు పెట్టింది. ఆడపిల్లను వెంట తీసుకుపొమ్మని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. రొమ్ములు పాలతో గడ్డకట్టి సలుపుతున్నాయి. వంటింట్లో మస్తానయ్య కేకపెట్టినప్పుడల్లా రవిక తడుస్తోంది.

ఆ కేకలు ఆగిపోయేసరికి ఆమెకు భయమేసి వెళ్ళి చూసింది.

వెంకటశేషమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పోస్తోంది. చుక్క చుక్కకూ ఆగుతోంది. మూతి తుడుస్తోంది. “నా తండ్రి గదా, నా దొర గదా, ఇంకొక్క గుటక” అని బతిమాలుతోంది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారి ముక్కుపుడక మీదుగా పడుతున్నాయి.

వెంకటశేషమ్మ రాక్షసి కాదు. ఈ మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. ఆ బిడ్డ కోసం ప్రాణం ఇమ్మంటే ఆ క్షణంలోనే ఇచ్చేది, ఒక చుక్క కలబంద అంత తేలిగ్గా.

ఆమె పక్కన ఇత్తడి పాలగిన్నె ఉంది. ఆ గిన్నె గురించి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆమె పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది. మిగిలిన ఇంటిల్లిపాదికీ పాలు పెరట్లో పిడకల దాలిమీద మట్టి దుత్తలో కాగుతాయి. ఆదిశేషమ్మకు పుట్టినప్పటినుంచీ ఆ దుత్తపాలే. ఆడపిల్లకు అవి చాలన్నారు. మగబిడ్డకు మాత్రం ఈ గిన్నెలోనే కాచి, నిప్పులమీద పొద్దంతా గోరువెచ్చగా ఉంచి, అడిగినప్పుడల్లా పోయాలి. రోజూ చింతపండు పెట్టి, ముగ్గుపిండి పెట్టి తోమి, అద్దంలా ఉంచుతుంది ముసలామె. ఏటా కళాయి వేసే సాయిబు ఊళ్ళోకి వస్తే ఇంట్లో ఇత్తళ్ళన్నీ వేయిస్తుంది గానీ దీన్ని తాకనివ్వదు. తగరం పూసి నా బంగారాన్ని నల్లజేస్తాడా అంటుంది.

“కూర్చో” అంది వెంకటశేషమ్మ, తలెత్తకుండా. కోపం పోయినట్టుంది. “నీ మీద నాకేం పగ లేదమే. బిడ్డలు పోతే ఎట్టుంటదో నాకు తెలీదనుకుంటుండావా?”

పెంచలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

“నీకు ఒకడు పోయినాడు. నాకు నలుగురు. నలుగురికీ పొట్టే. నడక రావడం, పొట్ట రావడం. అప్పుడు లివరనీ గివరనీ ఎవురూ చెప్పలా. గ్రహబాధన్నారు. అయిదోవాడు కడుపులో పడ్డప్పుడు కసుమూరులో హజరత్తు మస్తాను దర్గాకు పోయి, ఆ స్వామి ముందర కొంగు పరిచినా. ఈ బిడ్డ దక్కితే నీ పేరు పెట్టుకుంటా, మూడేండ్లు నా ఇంటి పాలు చుక్క తాపను, ఇంటింటికీ పోయి అడుక్కొచ్చి మట్టి ముంతలో తాపతా అని మొక్కుకున్నా.”

“అడుక్కున్నావా అత్తా?”

“నాలుగు పాడి ఉన్న ఇంటి కోడల్ని. ముంత పట్టుకుని వాకిలి వాకిలి తిరిగినా. మీ మామ నాతో ఏడాది మాట్లాడలా. అయితేనేం, దక్కినాడు. అదిగో, ఎడ్లు కడుతుండాడు చూడు.”

పెరట్లో హజరత్తయ్య ఎద్దును అదిలిస్తున్నాడు. నిక్షేపంలాంటి మనిషి.

పెంచలమ్మ అతణ్ణి చూసింది. గుమ్మంలో కూర్చుని మట్టి చిప్పలో పాలన్నం తింటున్న ఆదిశేషమ్మను చూసింది. తర్వాత ఇత్తడి గిన్నెను చూసింది.

“అత్తా, పోయిన నలుగురికీ పాలు దేంట్లో కాచినావు?”

“దేంట్లో ఏంది, దీంట్లోనే. మా నాయన మగబిడ్డలకు పాలు కాచుకోమనే గదా పెట్టింది.”

“హజరత్తయ్యకో” అనబోయి, మొగుడి పేరు నోటిదాకా వచ్చినందుకు నాలుక కరుచుకుంది. “మీ అబ్బాయికి?”

“చెప్తిని గదా, ఊరి పాలని. వాళ్ళిళ్ళల్లో దుత్తల్లో కాగినవే ముంతలో పోసేవాళ్ళు.”

పెంచలమ్మ చెయ్యి చాచి గిన్నె అంచు మడత కింద వేలు పెట్టి రాసింది. ఎంత తోమినా పీచు చేరని చోటు అది. వేలు వెలుతురులోకి తీసి చూసుకుంది. ఆకుపచ్చగా అంటుకుని ఉంది.

“చిలుము.”

“చిలుము పట్టకుండా ఉంటదా, ఇత్తడి గదా.”

“కళాయి లేని ఇత్తట్లో పులుసు ఎందుకు కాచవత్తా?”

“కాస్తే కక్కుకుంటారు. అది చిన్నపిల్లలకూ తెలుసు. ఇవి పాలేనమే, పులుసా?”

“ఒకసారి తాగితే కక్కుకుంటారు. రోజూ కొంచెం కొంచెం, మాటలు రాని బిడ్డ, పొద్దంతా దాంట్లోనే మరిగిన పాలు తాగితే? ఏం తాగినా ముందు కార్జానికే పోతదని డాక్టరమ్మ చెప్పింది. మాల్యాద్రి దీంట్లో తాగినాడు, మస్తాను తాగుతుండాడు. నీ నలుగురూ దీంట్లోనే తాగినారు. ఆది తాగలా. మీ అబ్బాయి తాగలా. గిన్నె అత్తా! నా పాలు కాదు, ఈ గిన్నె!”

ఆమె ఆపుకోలేకపోయింది. చీకట్లో తడుముకుంటున్న మనిషికి తలుపు దొరికినట్టయింది, ఆ తలుపు తోసేసింది. దానవతల ఎవరు నిలబడి ఉన్నారో చూసుకోలేదు.

వెంకటశేషమ్మ చేతిలో ఉగ్గుగిన్నె ఆగిపోయింది.

మస్తానయ్య పాల కోసం నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“అయితే” అంది చివరికి. ఆమె గొంతు అంత చిన్నగా పెంచలమ్మ ఎప్పుడూ వినలేదు. “నలుగురినీ నేనే చంపుకున్నానంటావు. మాల్యాద్రిని కూడా. నా చేత్తో.”

ఔనన్న మాట పెంచలమ్మ నాలుక చివర ఉంది. ఆ మొహం చూస్తూ అనలేకపోయింది. డెబ్బై ఏళ్ళ మొహం, ఒక్క నిమిషంలో కండంతా జారిపోయి ఎముకలు మిగిలినట్టున్న మొహం. ఆ మాట అంటే ఈ మనిషి రేపు ఉండదు. అలా అని అనకపోతే బిడ్డ ఉండడు.

“లేదత్తా” అంది. “నేనేదో పిచ్చిగా వాగినా. బిడ్డ దిగులుతో వాగినా. నా నోట మన్ను పడ.”

వెంకటశేషమ్మ ఊపిరి తీసుకుంది.

“నువ్వు మొక్కుకున్నట్టే మనం కూడా మొక్కుకుందాం” అంది పెంచలమ్మ గబగబా. “స్వామి పేరు పెట్టుకున్నాం గానీ మొక్కు చెల్లించలా. అందుకే ఇట్టా అయిందేమో. మస్తానుకు ముంతలోనే తాపతానని చెప్పు అత్తా. మూడేండ్లు.”

ముసలామె కళ్ళల్లోకి ప్రాణం తిరిగొచ్చింది. తప్పు తనది కాదు, మరిచిపోయిన మొక్కుది. ఆ మాట ఆమె మోయగలదు.

“అవునే పెంచలమ్మా. మరిచేపోయినా గదా. నా బుద్ధికి ఏం పుట్టింది!” అని చెంపలు వేసుకుంది. “మోకాళ్ళు పట్టేసినాయి, ఇప్పుడు వాకిలి వాకిలి తిరిగి అడుక్కోలేనే. ఎట్టా?”

“అడుక్కోవద్దులే అత్తా. ముంత చాలు. స్వామికి తెలీదా నీ మోకాళ్ళ సంగతి.”

ఇద్దరూ కసుమూరు దిక్కుకు తిరిగి దండం పెట్టుకున్నారు. కొత్త ముంత కడిగి, ఊదు పొగ చూపించి, చక్కెర పంచుతామని మొక్కుకున్నారు. వెంకటశేషమ్మ కోడలి కన్నీళ్ళు తన కొంగుతో తుడిచింది. ఆ ఇంటికి వచ్చిన ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

పెంచలమ్మ బిడ్డను ఒక్కసారి ఎత్తుకుని, పొట్ట మీద మొహం పెట్టి, ఆ గట్టి అంచు చెంపకు తగిలేదాకా ఉంచి, అత్త చేతికిచ్చింది. గెలిచాననుకుంది. బిడ్డను వదిలిపోతున్న కడుపుకోత ఉన్నా, దాని కింద ఎక్కడో నెమ్మది కూడా ఉంది. మొగుడికి ఏమీ చెప్పలేదు. చెప్తే తల్లి పరువు పోతుంది. చెప్పకుండానే బిడ్డ బతికితే అంతకంటే ఏం కావాలి?

బండి కదిలింది. ఆదిశేషమ్మ తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. వెంకటశేషమ్మ మనవణ్ణి చంకనెత్తుకుని వాకిలి దాకా వచ్చింది. తూర్పుగాలికి ఆమె నెరసిన జుట్టు రేగి బిడ్డ మొహం మీద పడుతోంది.

“దిగులు పెట్టుకోబాకమే!” అంది గొంతు పెంచి. “మొక్కు తప్పను. నా ప్రాణం పోయినా ముంతలోనే తాపతా. కాచే పని కూడా ఇంకోళ్ళ చేతికి వదలను. నా గిన్నె తళతళా తోమి, దాంట్లో నా చేత్తో కాచి, వెచ్చగా ముంతలో పోస్తా!”

పెంచలమ్మకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి బండి రెండిళ్ళు దాటింది.

అడుక్కోవద్దులే, ముంత చాలు అంది తనే. ఆ మాట తన నోటినుంచే వచ్చింది.

“ఆపండి!”

హజరత్తయ్య పగ్గాలు లాగాడు. “ఏం మరిచినావు?”

“గిన్నె” అంది పెంచలమ్మ. “ఆ గిన్నెలో పాలు కాయొద్దని మీ అమ్మకు చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పండి.”

“ఏ గిన్నె? ఏందే నువ్వనేది?”

అతనికేమీ తెలియదు. కానీ వాకిట్లో నిలబడినామెకు అంతా తెలుసు. పెంచలమ్మ తలతిప్పి చూసింది. అంత దూరంనుంచి కూడా అత్త మొహంలో మార్పు కనిపించింది. ఇందాకటి ఊరట పోయింది, ప్రేమా పోయింది. ఆ పిచ్చివాగుడు పిచ్చివాగుడు కాదని, కోడలు దాన్ని ఇంకా నమ్ముతూనే ఉందని ముసలామెకు అర్థమైంది. ఇప్పుడు కొడుకుతో చెప్పబోతోందని కూడా అర్థమైంది.

వెంకటశేషమ్మ బిడ్డను గట్టిగా అదుముకుని లోపలికి నడిచింది.

పెంచలమ్మ బండిమీంచి దూకింది. చీరె కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరిగెత్తింది. వెనక ఆదిశేషమ్మ “అమ్మా” అని ఏడుపు ఎత్తుకుంది. వాకిలి దాకా వచ్చేసరికి తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

“అత్తా! తలుపు తియ్యి! నిన్ను ఒక్క మాట అనను. మాల్యాద్రి మీద ఒట్టు, ఎవురికీ చెప్పను. తలుపు తియ్యి అత్తా!”

లోపల ఎక్కడో నేల మీద దించిన మస్తానయ్య ఏడుస్తున్నాడు.

ఆ ఏడుపు వెనకనుంచి, పెరటి బావి దగ్గర, పీచుతో ఇత్తడి తోముతున్న చప్పుడు మొదలైంది.